స్కేలు పెట్టి గీసిన గీత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను స్పేస్ షటిల్ మోడల్ గురించి చెప్పమన్నారు. నేను మెకానికల్ ఇంజనీరుని. యంత్ర భాగాలను కంప్యూటర్లో గీసి, అవి ఎంత బరువు ఆపుతాయో లెక్కగట్టడం నా పని. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక తీరిక దొరికింది. ఆరేళ్లుగా రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చుని కొలంబియా షటిల్‌ను కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా కడుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మన సైన్సు ల్యాబుకి వెళ్లాలి.

తొమ్మిదో తరగతిలో ఫిజిక్స్ మాస్టారు ఒక స్ప్రింగు వేలాడదీసి, 50 గ్రాముల నుంచి 300 గ్రాముల దాకా బరువులు తగిలించి, ఎంత సాగిందో మాచేత కొలిపించారు. గ్రాఫు కాయితం మీద చుక్కలు పెట్టి కలిపితే చక్కని సరళరేఖ వచ్చింది. "రెండు కిలోలు వేస్తే ఎంత సాగుతుందిరా?" అన్నారు. నేను స్కేలు పెట్టి గీతను పొడిగించి జవాబు చెప్పేశాను. ఆయన ఏమీ అనకుండా రెండు కిలోల రాయి తగిలించారు. స్ప్రింగు తీగలా సాగిపోయింది. రాయి తీసేసినా మళ్లీ ముడుచుకోలేదు. "స్కేలుతో గీత ఎంత దూరమైనా పోతుంది. స్ప్రింగు పోదు. నీ ఆఖరి చుక్క ఎక్కడుందో చూసుకుని మాట్లాడు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇరవై ఏళ్ల తర్వాత నవ్వలేకపోయాను. అప్పుడు నేను పనిచేసే చోట ఒక పంపుకు ఇనుప స్టాండు డిజైన్ చేశాను. తక్కువ స్పీడులో నడిపి చూస్తే నా మోడల్ చెప్పినదీ, జరిగినదీ సరిపోయాయి. రెట్టింపు స్పీడు పంపుకూ అదే సరిపోతుందా అని అడిగారు. మోడల్‌లో ఒక అంకె మార్చి చూసి, సరిపోతుందని సంతకం పెట్టాను. మూడో రోజు వెల్డింగు దగ్గర విరిగింది. పక్కనున్న ఫిట్టరుకి రెండు వేళ్లు పోయాయి. ఆస్పత్రికి వెళ్తే ఆయన నన్ను తిట్టలేదు. "కంప్యూటరు సరే అంది కదా సార్" అన్నాడంతే. కంప్యూటరు కాదు, నేనన్నాను.

ఆ తర్వాతే కొలంబియా ప్రమాద విచారణ నివేదిక చదివాను. 2003 జనవరి 16న షటిల్ పైకి లేచిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దాని బరువు ముప్పావు కిలో. షటిల్ కక్ష్యలో ఉండగానే టైల్స్‌కు ఎంత దెబ్బ తగిలి ఉంటుందో కంప్యూటర్లో లెక్క వేశారు. ఆ లెక్కను సరిచూసింది చిన్న చిన్న ముక్కలతో. తగిలిన ముక్క వాటికంటే వందల రెట్లు పెద్దది. లెక్క లోతైన దెబ్బే చూపించింది. కానీ ఇది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందని దాన్ని తగ్గించి చూశారు. నిజానికి దెబ్బ తగిలింది రెక్క అంచున ఉన్న కార్బన్ పలకకి. ఫిబ్రవరి 1న, మనకు శనివారం రాత్రి ఏడున్నరకి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆ జూలైలో టెక్సాస్‌లో అలాంటి పలక మీదికి నురగ ముక్కను గ్యాస్ గన్‌తో కొట్టి చూస్తే 40 సెంటీమీటర్ల కన్నం పడింది.

చుక్కలు లేనిచోట గీత గీయడమంటే ఇదే. అందుకే ఎప్పటికైనా కొలంబియానే కట్టాలనుకున్నాను.

మళ్లీ మళ్లీ వాడే వాహనం కనక ప్రతి భాగమూ వెళ్లడానికే కాదు, తిరిగి రావడానికీ పనికిరావాలి. పొడవు 37 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 24 మీటర్లు. అస్థిపంజరం చాలావరకు అల్యూమినియం. అది 660 డిగ్రీలకే కరుగుతుంది. తిరుగు ప్రయాణంలో రెక్కల అంచు దగ్గర వేడి 1,600 డిగ్రీల దాకా పోతుంది. అందుకే అంచులకు కార్బన్ పలకలు, ఒంటికి 24 వేలకు పైగా సిలికా టైల్స్.

మొదట టైల్స్‌ను ఫోటోలా అంటించేశాను. అందంగానే ఉంది. తర్వాత ఒక్కొక్కటీ విడిగా కట్టబోతే అసలు సంగతి తెలిసింది. వేడికీ చలికీ అల్యూమినియం సాగుతుంది, ముడుచుకుంటుంది. టైలు అంతగా సాగదు. నేరుగా అతికిస్తే పగులుతుంది. అందుకని కింద ఫెల్ట్ మెత్త, టైలుకీ టైలుకీ మధ్య సన్నని సందు పెట్టారు. ఆ సందు ఎందుకో తెలియనంత కాలం నేను కట్టింది బొమ్మే.

అప్పుడొక నియమం పెట్టుకున్నాను. నాసా ప్రచురించిన కొలత ఉన్న భాగానికి ఆకుపచ్చ రంగు. ఫోటోల నుంచి లెక్కగట్టినదానికి పసుపు. నేను ఊహించినదానికి ఎరుపు. రంగులు వేసి చూస్తే బయట ఆకుపచ్చ, రెక్క లోపలంతా ఎరుపు. అప్పటికే మిత్రులు 'అచ్చం నిజంలా ఉంది' అని మెచ్చుకుని ఉన్నారు. ఇప్పుడు ఆఫీసులో కూడా నా ప్రతి రిపోర్టు మొదటి పేజీలో ఒక వాక్యం ఉంటుంది: ఈ లెక్కను ఎంతవరకు పరీక్షించి చూశాం అని.

2016 మే 23న మన శ్రీహరికోట నుంచి ఇస్రో రెక్కల వాహనం ఎగిరింది. దాని మోడల్ కూడా మొదలెట్టాను. ప్రస్తుతానికి దాదాపు అంతా ఎరుపే.

కొలంబియా మోడల్‌ను రంగులు చెరపకుండా మన బడి కంప్యూటర్లలో పెట్టి వెళ్తున్నాను. ఎరుపును పసుపు, పసుపును ఆకుపచ్చ చేసే పని పిల్లలది. సైన్సు ల్యాబుకి రెండు డజన్ల స్ప్రింగులు కూడా తెచ్చాను. పాడవుతాయని బీరువాలో దాచకండి, పాడుచేయడానికే తెచ్చాను.

మాస్టారూ, ఆ రోజు మీ చేత పాడుచేయించిన స్ప్రింగు బాకీ కూడా అందులోనే ఉంది. సెలవు.