న్యాయవాది ఫీజు: సబబును తేల్చవలసిన వేదిక

టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్మారకోపన్యాసానికి ఆహ్వానం అందడం న్యాయశాస్త్రం చదువుకున్న ఎవరికైనా గౌరవమే. ఆయన రాజకీయ జీవితం తెలుగువారందరికీ తెలిసినదే గనుక దానిని ఇక్కడ తిరిగి చెప్పడం అనవసరం. రాజమండ్రిలో వకీలుగా, మద్రాసులో బారిస్టరుగా బాగా గడించి, 1921లో ప్రాక్టీసు వదులుకున్న ప్రకాశం తన వృత్తి సంపాదన గురించి ‘నా జీవిత యాత్ర’లో దాపరికం లేకుండా రాశారు. ఫీజు మాట బయటికి రావడమే అమర్యాదగా భావించే వృత్తిలో ఆ నిస్సంకోచం అరుదైనది. ఉపన్యాసకర్తకు ఆయనపై గౌరవం కలగడానికి మొదటి కారణం కూడా అదే.

ఫీజు మితిమీరిందా అన్న ప్రశ్న న్యాయస్థానం ముందుకు రెండు రూపాల్లో వస్తుంది. ఓడిన పక్షం గెలిచిన పక్షానికి ఖర్చుల కింద ఎంత చెల్లించాలన్నది మొదటిది. కక్షిదారు తన సొంత న్యాయవాదికి ఎంత చెల్లించడం సబబన్నది రెండోది.

మొదటిదానిపై చర్చ కావలసినంత జరిగింది. ఖర్చుల ఉత్తర్వుకు ఆధారం సివిల్ ప్రొసీజరు కోడు 35వ సెక్షను. వాస్తవంగా, సహేతుకంగా అయిన ఖర్చు గెలిచినవారికి దక్కాలని సుప్రీంకోర్టు సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో చెప్పింది. రఘుబీర్ శరణ్ చారిటబుల్ ట్రస్టు కేసులో ఢిల్లీ హైకోర్టు 45,28,000 రూపాయల ఖర్చులు విధించగా, నిబంధనల పట్టికను దాటి అలా విధించడం కుదరదని అదే సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసింది. మరుసటి ఏడాది లా కమిషన్ 240వ నివేదిక ఇచ్చింది. 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం ఆ తరగతి వివాదాలకు 35వ సెక్షనును తిరగరాసింది.

ఇంత చర్చలోనూ రెండో ప్రశ్న మరుగున పడటమే ఉపన్యాసకర్త చిరకాలపు అభ్యంతరం. 1926 నాటి న్యాయవాదుల ఫీజుల చట్టం మూడో సెక్షను ప్రకారం ఫీజును న్యాయవాది, కక్షిదారు ప్రైవేటు ఒప్పందంతో నిర్ణయించుకోవచ్చు. ఒప్పందమేదీ లేనప్పుడు, ఖర్చుల లెక్కింపుకు అమల్లో ఉన్న నియమాల ప్రకారం వచ్చే ఫీజు కోసమే న్యాయవాది దావా వేయగలడని నాలుగో సెక్షను చెబుతుంది. అంటే ఒప్పందం లేని చోట కొలబద్ద ఉంది గాని, ఒప్పందం ఉన్న చోట అది సబబైనదేనా అని పరీక్షించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు.

ఒప్పందం ఇద్దరి మధ్య వ్యవహారమని, మోసం లేనంతవరకు న్యాయస్థానం జోక్యం అక్కరలేదని వాదించేవారు ఒప్పందాల చట్టాన్నే పూర్తిగా చదవలేదనిపిస్తుంది. విశ్వాసబంధంలో ఉండి ఎదుటివారి ఇచ్ఛను శాసించగల వ్యక్తి అన్యాయమైన లాభం పొందితే, అది అనుచిత ప్రభావమని ఆ చట్టం 16వ సెక్షను చెబుతుంది. 1872 సాక్ష్య చట్టం 111వ సెక్షను నమ్మకాన్ని పొందిన వ్యక్తిపైనే సద్భావనను రుజువు చేసే భారం మోపుతూ, మొదటి ఉదాహరణగా కక్షిదారు తన అటార్నీకి చేసిన అమ్మకాన్నే చూపింది; 2023 సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం నిలిచింది. ఉదాహరణ అమ్మకం గురించినదే అయినా, వకాల్తా, అంటే కక్షిదారు తన తరఫున వాదించమని ఇచ్చే అధికారపత్రం, చేతికి వచ్చాక కుదిరిన ఫీజుకు అదే సూత్రం వర్తించకూడదనడానికి కారణం కనబడదు.

తెలంగాణకు చెందిన ఒక చెక్కు కేసులో 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడ గుర్తు చేయాలి. మోటారు ప్రమాద పరిహారంలో వాటా లెక్కన అడిగిన ఫీజుకు ఇచ్చిన చెక్కు చెల్లకపోగా, న్యాయవాది పెట్టిన క్రిమినల్ కేసును కోర్టు రద్దు చేసి, డిక్రీ మొత్తంలో శాతంగా ఫీజు కోరడం ప్రజావిధానానికి విరుద్ధమని చెప్పింది. బార్ కౌన్సిల్ నియమాల్లో 20వది కూడా ఫలితంపై ఆధారపడిన ఫీజును నిషేధిస్తుంది. తీర్పు సరైనదే గాని, శాతం మాట ఎత్తకుండా అంతే మొత్తాన్ని ముందే నిర్ణయించుకుంటే ఆ నిషేధం దానిని పట్టుకోలేదు. 2024 మే 14 తీర్పుతో న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని తేలడంతో కక్షిదారుకు ఆ తలుపూ మూసుకుపోయింది.

కొందరు పండితులు ఇక్కడ అమెరికా పద్ధతిని ఉదహరిస్తారు. పనిచేసిన గంటలను సహేతుకమైన గంట రేటుతో హెచ్చవేసే ఆ లెక్కను 1983 నాటి హెన్స్‌లీ తీర్పు స్థిరపరచింది గాని, ఆ తీర్పు కూడా ఓడిన పక్షం భరించే ఫీజు గురించినదే. పైగా గంటల లెక్క రాయకుండా హాజరుకింత, వాయిదాకింత అని తీసుకునే మన జిల్లా కోర్టుల్లో హెచ్చవేయడానికి అంకెలే ఉండవు. అంతకంటే ఇంగ్లండు 1974 సొలిసిటర్ల చట్టం 70వ సెక్షను దగ్గరి దారి. బిల్లు అందిన నెలలోగా కక్షిదారు కోరితే దాని పరిశీలన అతని హక్కు. పరిశీలనలో బిల్లు అయిదో వంతు లేదా అంతకు మించి తగ్గితే ఆ విచారణ ఖర్చు సొలిసిటరుది, తగ్గకపోతే సాధారణంగా కక్షిదారుది. కోర్టుల మీద భారం పెరుగుతుందన్న అభ్యంతరానికి ఈ అయిదో వంతు నియమమే సమాధానం, ఎందుకంటే అది పెంచిన బిల్లునూ ఊరక వేసే ఫిర్యాదునూ ఒకే చోట ఆపుతుంది.

ఉపన్యాసకర్త ప్రస్తుతం రాస్తున్న ముసాయిదా ఈ సూత్రం మీదే నిలిచింది. వకాల్తాతో పాటు తెలుగులో ఫీజు పత్రం ఇచ్చి, అందులో మొత్తం ఫీజు, గుమాస్తా ఖర్చు, న్యాయవాది కోరిన వాయిదాకు ఫీజు ఉండదన్న హామీ వేర్వేరుగా చూపాలని అది ప్రతిపాదిస్తుంది. కేసు ముగిశాక, ఆ కేసు వినని న్యాయాధికారి, ఎదుటి పక్షానికి తెలియకుండా, పత్రాన్నీ చేసిన పనినీ పోల్చి చూడాలంటుంది. అడిగితే ఖాతా ప్రతి ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి గనుక న్యాయవాదులకు ఇందులో కొత్త భారం స్వల్పమే.

అయితే ఈ పని హైకోర్టులు తమంతట తాము చేయగలిగినది కాదు. ఫీజులపై హైకోర్టులు నియమాలు చేయాలని చెప్పే అడ్వొకేట్ల చట్టం 34(1ఏ) సెక్షను ఎదుటి పక్షం న్యాయవాది ఫీజును మాత్రమే పేర్కొంది. సొంత న్యాయవాది ఫీజును వదిలేసింది. ఆ సెక్షనులో కక్షిదారు తన న్యాయవాదికి చెల్లించే ఫీజు పరిశీలనను కూడా చేర్చాలని పార్లమెంటును కోరవలసిన బాధ్యత, ఆ ఫీజుతోనే జీవించే న్యాయవాద వర్గంపై అందరికంటే ముందుగా ఉంది.