ప్రాఁత గిటారు – జీర్ణోద్ధరణము



జీర్ణోద్ధరణమను మాట మనకు దేవాలయముల సంబంధమున సుపరిచితమైనది. గోపురము బీటలు వాఱినప్పుడు, మంటపమున స్తంభము ఒఱగినప్పుడు వివేకవంతులు మొదట విచారించునది ఖర్చును గూర్చి కాదు. ఏది నిలుపవలెను, ఏది మార్చవలెను అని. జీర్ణమైనదాని నుద్ధరించుట వేఱు. దానిని పడఁగొట్టి క్రొత్తదానిని కట్టుట వేఱు. శిలాశాసనముమీఁద సున్నము కొట్టించి, గోడ తెల్లనైనదని సంతోషించువాఁడు ధర్మకర్త కాఁడు. వాని చేతిలో గుడి నిలిచినను గుడి కథ చచ్చును.

ఈ వివేకమునే నేఁడు నేనొక విదేశవాద్యమునకు అన్వయించి చెప్పఁదలఁచితిని. అది విద్యుద్గిటారు. పండితులకు గిటారుతో నేమి పని యని యెవరైన నడుగవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు విద్యుత్ మాండొలిన్ మీఁద కర్ణాటక సంగీతమును లోకమంతయు విని మెచ్చునట్లు పలికించి 2014లో కీర్తిశేషులైరి. కాఁబట్టి విద్యుత్తుతో మ్రోఁగు తంత్రీవాద్యము మనకు పరాయిది కాదు. మన చలనచిత్రముల వాద్యబృందములలో గిటారు చేరియు ననేక దశాబ్దములైనది. తండ్రి వాయించిన గిటారు కొడుకు చేతికి వచ్చు కాలమిది. ఆ కొడుకు మొట్టమొదట తలపెట్టు పని తఱచుగ దానికి క్రొత్తరంగు వేయించుటయే. నా మాటలు ముఖ్యముగ ఆతనికొఱకు.

ఈ వాద్యము పుట్టినది అమెరికాలో. జార్జి బీచమ్ అను వాద్యకారుఁడు కల్పించిన విద్యుద్గిటారు 1932లో విక్రయమునకు వచ్చినది. దాని యాకారమును జూచి జనులు దానిని వేపుడు పెనమని పిలిచిరి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణమున లియో ఫెండరు 1950లో గుల్లలేని గట్టిచెక్క గిటారును, 1954లో స్ట్రాటోకాస్టరును విడుదల చేసెను. మిచిగన్ రాష్ట్రమున కలమజూలోని గిబ్సన్ సంస్థవారు 1952లో లెస్‌పాల్ అను గిటారును తెచ్చిరి. నేఁడు ప్రాఁత గిటార్లని జనులు వెదకి కొనునవి ముఖ్యముగ నీ రెండు కర్మాగారములలో 1950 మొదలు ఇంచుమించు ఇరువదియేండ్ల కాలమున తయారైనవి.

వీణ నెఱిఁగినవారికి దీని యంగములు కష్టము కావు. దండి కలదు, మెట్లు కలవు, బిరడలు కలవు, తీఁగలను మోయు గుఱ్ఱము కలదు. కుండ మాత్రము లేదు. దానికి బదులు తీఁగల క్రింద పికప్పు అను సాధనము కలదు. అది అయస్కాంతములచుట్టు రాగితీఁగను చుట్టిన చుట్ట. ఆ రాగితీఁగ మందము మిల్లీమీటరులో ఇంచుమించు 16వ వంతు. స్ట్రాటోకాస్టరున ఒక్కొక్క పికప్పునకు చుట్లు సుమారు 8,000. ఉక్కుతీఁగ కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము కలఁగి చుట్టలో విద్యుత్తు జనించును. 1831లో మైకేల్ ఫారడే కనుఁగొన్న ధర్మమే యిది. ఆ స్వల్పవిద్యుత్తును యంత్రము పెంచి ధ్వనిగ మార్చును.

ఇఁక పైపూఁత. ఆనాఁటి గిటార్లకు పూసినది నైట్రోసెల్యులోజు లాకరు. ప్రత్తిని నత్రికామ్లముతో సంస్కరించి తీసిన పదార్థమిది. ప్రాఁత సినిమా ఫిల్మునకు దగ్గఱ చుట్టము. 1920 తరువాత మోటారుకార్లకు ఈ జాతి రంగులు విరివిగ వాడఁబడినవి. ఫెండరువారు తమ ప్రత్యేకపు రంగులను కార్ల రంగులనుండియే తీసికొనిరి. ఈ లాకరు పలుచనిది. కాలము గడచినకొలఁది పసుపువాఱును. చలికి ముడుచుకొని వెండ్రుకవంటి బీటలు వాఱును. వాయించువాని ముంజేయి రాచుకొను చోట అరగి చెక్క బయటపడును. 1958 మొదలు 1960 వఱకు గిబ్సనువారు లెస్‌పాల్ గిటార్లకు వేసిన యెఱ్ఱరంగు వెలుతురు తగిలి వెలిసిపోవును. కిటికీ ప్రక్క నున్నది తేనెరంగునకు దిగును. పెట్టెలో నున్నది దానిమ్మరంగుననే యుండును. ఒకే వన్నెతో బయలుదేఱినవి అఱువదియేండ్లకు రెండును ఒక్కతీరుగ నుండవు. ఏ యింట నెట్లు బ్రదికినదో దాని యొంటిమీఁదనే వ్రాసియున్నది.

ఇక్కడ పూర్వపక్షము: "బీటలు, మరకలు, బోసిచెక్క చూడ వికృతముగ నున్నవి. ఉప్పుకాగితముతో గీఁకి క్రొత్తరంగు పూసినచో వాద్యము క్రొత్తదగును గదా, తప్పేమి?"

సమాధానము. రంగు గీఁకుట యొకమాఱు చేసినచో మరల తిరుగని పని. తెగిన తీఁగను మార్చవచ్చును, ఊడిన టంకమును వేయవచ్చును. గీఁకివేసిన ప్రాఁతపూఁతను ఏ శిల్పియు తిరిగి తేలేఁడు. అతఁడు తెచ్చునది దానివంటి మఱియొకటి. అదియుఁ గాక, గీఁకుటతో చెక్కయు పలుచఁబడును. అంచుల వంపులు మాఱిపోవును. వ్యాపారులును దీని నెఱుఁగుదురు: తక్కిన భాగములన్నియు మొదటివే యైనను, రంగు మాత్రము మార్చిన ప్రాఁత గిటారు విలువ సాధారణముగ సగమునకు పడిపోవునని వారి లెక్క. కాని నాకు ధనము ముఖ్యము కాదు. ముప్పదియేండ్లు తండ్రి ముంజేయి రాచిన చోటు ఇల్లంతయు వెదకినను మఱియొకటి దొరకదు.

ఐర్లండు దేశపు వాద్యకారుఁడు రోరీ గాలహర్ 1961లో తయారైన స్ట్రాటోకాస్టరును 1963లో కార్కు నగరమున కొనెను. అతని చెమటకు, వాయింపునకు దాని రంగు నానాఁటికి రాలి, తుదకు చాలవఱకు చెక్కయే మిగిలినది. అతఁడు 1995లో మరణించువఱకు దానికి రంగు వేయింపలేదు. 2024లో అది వేలమునకు వచ్చినప్పుడు ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలకు దానము చేయనున్నట్లు ప్రకటింపఁబడినది. ఆ దేశము కోరినది ఆ యరగిన చెక్కనే.

ఇట్లని రంగు మార్చుట యెల్లప్పుడును దోషమేయని నేననను. 1957లో బంగారువన్నెతో పుట్టిన యొక లెస్‌పాల్ తరువాత ఎఱ్ఱరంగు తొడిగించుకొని, 1968లో ఎరిక్ క్లాప్టన్ చేతినుండి బీటిల్సు బృందమువాఁడైన జార్జి హారిసన్‌కు చేరినది. అది యెఱ్ఱనిదై "లూసీ" యను పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది. దాని యెఱుపు గీఁకి బంగారువన్నె వేయుదునన్నచో అదియును చరిత్రను చెఱుపుటయే. కావున చూడవలసినది మొదటిరంగా కాదా యని మాత్రమే కాదు. ఈ పూఁత యెవరి జీవితమునకైన సాక్షియా యని చూడవలెను.

ఇఁక చేయవలసిన క్రమము. వాద్యాంగములను మూఁడు తరగతులుగ విభజింపవచ్చును.

మొదటివి అరగుటకే పుట్టినవి: తీఁగలు, మెట్లు, మెట్లకు మొదట నుండు మేరువు. వీణకు మైనము జాఱినప్పుడు మేళము తిరిగి కట్టించుట లేదా? ఆ వీణ వేఱువీణ యైనదని యెవరు నందురు? అట్లే గిటారునకు మెట్లరగినచో నిర్భయముగ మార్పింపవలెను. పలుకని వాద్యమును ప్రాఁతదని పూజించుట శవపూజ.

రెండవవి బాగు చేయవచ్చును గాని పాఱవేయరానివి: పికప్పులు, స్వరధ్వనులను హెచ్చించి తగ్గించు బొత్తాముల క్రింది విద్యుత్సాధనములు, బిరడలు, గుఱ్ఱము. బొత్తాము త్రిప్పునప్పుడు గరగరమన్నచో దాని నూడఁదీయనక్కఱలేదు. లోనికి శుభ్రపఱచు ద్రవము కొంచెము చిమ్మి పదిమాఱులు త్రిప్పిన తఱచు సరిపోవును. పికప్పు మూగవోయినచో లోని సన్నతీఁగ త్రుప్పుపట్టి తెగియుండవచ్చును. అప్పుడు అయస్కాంతములను, చట్రమును అట్లే యుంచి రాగితీఁగను మాత్రము తిరిగి చుట్టింపవలెను. తీసిన ప్రతి మేకును, ప్రతి ముక్కను సంచిలో వేసి గిటారుపెట్టెలోనే దాఁచవలెను.

మూఁడవవి తాఁకరానివి: చెక్క, పైపూఁత, లోపలి ముద్రలు, వ్రాఁతలు. ఫెండరు గిటారు దండిని నాలుగు మరమేకులు విప్పి తీసినచో దాని మొదట తయారైన తేదీ తఱచుగ కనఁబడును. బొత్తాముల క్రింది సాధనముల వీఁపుపై అంకెలుండును. 3046615 అని యున్నదనుకొనుఁడు. మొదటి మూఁడంకెలు ఆ సాధనమును చేసిన సంస్థ గుర్తు. 66 అనఁగా 1966. 15 అనఁగా ఆ సంవత్సరమున పదునైదవ వారము. దీనివలన వాద్యము అంతకు ముందు పుట్టలేదని తెలియును గాని, ఆ వారమే పుట్టినదని తెలియదు. తాటాకు ప్రతి చివర లేఖకుఁడు వ్రాసిన సంవత్సరమును చదువునట్లు వీనిని చదువవలెను. తుడువరాదు.

శుభ్రపఱచుటకు మెత్తని పొడిగుడ్డ. అవసరమైనచో ఊపిరి పోసి కొంచెము తేమ చేసిన గుడ్డ. అంతకు మించి వలదు. గోళ్ళరంగు తీయు ద్రవములోని అసిటోను ఈ లాకరును కరఁగించును. సిలికోను కలిసిన మెఱుఁగుద్రవములు పూసినచో ముందు ముందు ఏ పూఁతయు సరిగ నంటదు. రబ్బరు పట్టుగల నిలువుపీఁటపై నెలల తరబడి నిలిపినను లాకరు మెత్తబడి మచ్చపడును.

చిన్న పెచ్చు లేచినచోట మాత్రము పూఁత అతికించుట కలదు. నైట్రోసెల్యులోజునకు ఒక సద్గుణము కలదు: క్రొత్తచుక్క ప్రాఁతదానిని కొంచెము కరఁగించి దానిలో కలిసిపోవును. 1968 ప్రాంతమునుండి ఫెండరువారు వాడిన పాలియెస్టరు పూఁతకు ఈ గుణము లేదు. క్రొత్తది దానిపై విడిగ నిలుచును. కావున ఏది యున్నదో ముందు తెలిసికొని పని పట్టవలెను.

ఇఁక మునుపే యెవరో గీఁకి, తలుపులకు వేయు రంగు దట్టముగ పూసిన గిటారు మీ చేతికి వచ్చినదనుకొనుఁడు. అక్కడ సాక్ష్యము పోయినది. అప్పుడు క్రొత్తపూఁత ధర్మమే. దండి కూర్చు గుంటలో, పైపలక చాటున మొదటిరంగు జాడ మిగిలియుండును. దానిని జూచి ఆ వన్నెను, ఆ లాకరునే వాడవలెను. పలుచగ పొరపై పొర చిమ్మి, కడపటి పొర తరువాత కొన్ని వారములు ఆఱనీయవలెను. తొందర కలవాఁడు దీనికి తగఁడు. మన కోస్తాలో వానకాలమున ఈ పని తలపెట్టరాదు. లాకరులోని ద్రవము ఆవిరియగునప్పుడు ఉపరితలము చల్లఁబడి, గాలిలోని తేమ దానిపై చేరి పూఁత పాలవలె తెల్లనగును. ఈ లాకరు నిప్పును అతివేగముగ నందుకొనును. దీని యావిరి ఊపిరితిత్తులకు కీడు. వంటిల్లున్న చాయలనే చిమ్మరాదు. గాలి యాడు చోట, ఆవిరి నడ్డగించు ముసుగు ధరించి చేయవలెను. అభ్యాసము లేనివారు పని తెలిసినవానికి ఒప్పగించుట మేలు.

చివరకు ముఖ్యమైన నియమము. చేసినది చెప్పవలెను. ఏ తేదీన, ఏ భాగమును, ఎందుకు మార్చితిమో ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచవలెను. పనికి ముందును తరువాతను ఛాయాచిత్రములు తీయవలెను. తాళపత్రమున అక్షరము శిథిలమైనచోట సత్పండితుఁడు ఖాళీని చూపును, లేదా తాను పూరించితినని తెలుపును. తన మాటను కవి మాటగ చేర్చి ఊరకుండువాఁడు పరిష్కర్త కాఁడు, ప్రక్షేపకుఁడు. గిటారు విషయమునను అంతే. క్రొత్త గిటారునే అరగఁదీసి ప్రాఁతదానివలె కనుపించునట్లు కర్మాగారములే తయారుచేసి యమ్ముచున్నవి. చెప్పి యమ్మినచో అది వేషము, వేషమున తప్పులేదు. చెప్పక యమ్మినచో అది మోసము. క్రొత్తరంగును మొదటిరంగని చెప్పుటయు నంతే.

కావున తండ్రి గిటారును చేతఁబట్టిన యువకుఁడా, ఉప్పుకాగితమును ప్రక్కన పెట్టుము. మొదట క్రొత్త తీఁగలు వేయించుము. మెట్లు చూపించుము. గరగరను మాన్పించుము. వాద్యము పలికిన తరువాత, నెలదినములు దానిని వాయింపుము. ఆ పిమ్మటను రంగు మార్చవలెనని నీకు తోఁచినచో అప్పుడాలోచింపవచ్చును. కాని ఆ నెలలో నీ ముంజేయి ఆ బోసిచెక్కమీఁద ఆనుచోటు నీకు తెలిసిపోవును. దానిని నీకు ముందు అరగఁదీసినవారెవరో వేఱుగ చెప్ప నక్కఱలేదు.