వేసవి సెలవులూ, వీధి గ్రంథాలయమూ, ఆడపిల్లల హక్కూ

(గోదావరి డెల్టా ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ ఇక్కడ చాలా పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. ఆస్తి హక్కు, గృహహింస చట్టం, ఉపాధి హామీ పనులు. ఇన్నింటి తర్వాత నేను లేచి వీధి చివరి గ్రంథాలయం గురించి, అందులో వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే శిబిరాల గురించి చెబుతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. మూడు వేసవులు ఆ పని చేశాక నాకైతే నవ్వు రావడం లేదు. ఎందుకో చెబుతాను.

మన ప్రాంతంలో వేసవి ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాళ్వా కోతలవుతాయి. కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూస్తారు. మగపిల్లలు బ్యాట్లు పట్టుకుని ఎండిన కాలువల్లోకి, కోసేసిన చేలల్లోకి పోతారు. మరి ఆడపిల్లలు? ఈ ప్రశ్న మనం ఎప్పుడూ వేసుకోం, జవాబు కళ్ళముందే ఉంటుంది కాబట్టి. చంటిపిల్లను చంకనేసుకుని ఒకత్తె, అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లుతూ ఒకత్తె, రొయ్యలు వలిచే షెడ్డులో ఒకత్తె. బడి ఉన్నన్నాళ్ళూ రోజుకు ఆరేడు గంటలన్నా తనకోసం ఉండేది. సెలవులిచ్చారంటే అవీ పోయాయి. మగపిల్లాడికి సెలవంటే ఆట. ఆడపిల్లకు సెలవంటే అదనపు పని.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఒకటుంది. పిల్లలకు విశ్రాంతి, తీరిక, ఆట, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ఉన్నాయని అది చెబుతుంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. తీరిక కూడా ఒక హక్కేనని మన పల్లెల్లో ఏ తల్లికైనా చెప్పి చూడండి. "మాకే లేదమ్మా, దానికెక్కడిది?" అంటుంది. అబద్ధం కాదు. అందుకే తల్లి తీరికా, కూతురి తీరికా రెండూ ఒకే సమస్య అని నేననుకుంటాను.

మా ఊరు నరసాపురం వైపు. మా శాఖా గ్రంథాలయం రెండు గదులు. పేపర్లు, వారపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, నాలుగు బీరువాల నవలలు, ఒక బీరువా పిల్లల పుస్తకాలు. వేసవిలో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు పెడుతుంటారు. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, కాస్త ఇంగ్లీషు, చదరంగం, క్యారమ్స్. పిల్లల దగ్గర పైసా తీసుకోరు. పట్నంలో ప్రైవేటు సమ్మర్ క్యాంపులకు వేలకు వేలు కడుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

మొదటి వేసవి నేను ఊరికే చూడటానికి వెళ్ళాను. గది నిండా పిల్లలే. అందులో ఆడపిల్లలు ఒక చేతి వేళ్ళకు సరిపోయారు. వాళ్ళూ ఉద్యోగస్తుల పిల్లలే. లైబ్రేరియన్ గారిని అడిగితే, "మేం వద్దన్నామా అండీ? తలుపులు తీసే ఉన్నాయి కదా, వాళ్ళే రావడం లేదు" అన్నారు. ఆయన మంచివారే. కానీ తలుపు తీసి ఉంచడమూ, లోపలికి రాగలగడమూ ఒకటి కాదని మనకు తెలుసు.

మా సంఘం వాళ్ళం నలుగురం ఇంటింటికీ తిరిగి తల్లుల్ని అడిగాం. వాళ్ళు చెప్పినవి నేను రాసుకున్నాను. "పెద్దది అక్కడికొస్తే చంటోణ్ణి ఎవరెత్తుకుంటారండీ?" ఇది మొదటిది. "పొద్దున్న ఎనిమిదింటికంటే మా ఇంట్లో అప్పుడే పొయ్యి మీద ఎసరు." ఇది రెండోది. "అక్కడంతా మగాళ్ళు పేపర్లు పరుచుకుని కూర్చుంటారు." ఇది మూడోది. నాలుగోది ఒకావిడ చెవిలో చెప్పింది: "దొడ్డికెళ్ళాలంటే ఎక్కడికెళ్తాదండీ?" పుస్తకాలంటే ఇష్టం లేదని ఒక్కరూ అనలేదు.

మా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు తెరిచి ఉండేది. ఈ వేళలు ఎవరికి సరిపోతాయో ఆలోచించండి. వంట చెయ్యనివాడికి, గేదెకు గడ్డి వెయ్యనివాడికి, నీళ్ళు పట్టనివాడికి. ఎవరూ కుట్ర చేసి ఈ వేళలు పెట్టలేదు. పెట్టినప్పుడు మనం వాళ్ళ లెక్కలో లేం, అంతే. ఆడవాళ్ళకు కాస్త వెసులుబాటు దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. సరిగ్గా అప్పుడు తాళం.

రెండో వేసవికి మేం నాలుగు చిన్న పనులు చేశాం. అర్జీ పెట్టి, పదిసార్లు తిరిగి, శిబిరం ఉన్నన్నాళ్ళు మధ్యాహ్నం రెండు గంటలు తెరిపించాం. చంటిపిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చని చెప్పి ఒక మూల చాప వేశాం. రోజుకొకరు చొప్పున సంఘం మనిషి అక్కడ కూర్చున్నాం. పక్కింటి పెద్దావిణ్ణి అడిగి వాళ్ళ మరుగుదొడ్డి వాడుకున్నాం. అది పరిష్కారం కాదు, గ్రంథాలయానికే ఉండాలి. దానికోసం ఇంకా తిరుగుతున్నాం. ఆ ఏడాది చాప మీద ఆడపిల్లలు పట్టలేదు.

ఇప్పుడు ఒక పిల్ల సంగతి. పేరు చెప్పను. పదకొండేళ్ళది. లేసు అల్లే ఇంటి పిల్ల. తమ్ముణ్ణి ఎత్తుకుని రోజూ వచ్చేది. శిబిరంలో ఒక లెక్క ఇచ్చాం: ఇంట్లో అందరి పుట్టిన సంవత్సరాలు కనుక్కుని, ఎవరికి ఎన్నేళ్ళో తీసి రాయండి అని. సరదా లెక్కే. ఈ పిల్ల చక్కగా రాసుకొచ్చింది. వాళ్ళమ్మకు ఇరవై ఏడు. అంటే పదహారేళ్ళకే ఈ పిల్లను కన్నదన్నమాట. తర్వాత మూడు రోజులు పిల్ల రాలేదు. నేను ఇంటికెళ్ళాను.

వాళ్ళమ్మ కువైట్ వెళ్తోంది. మన డెల్టాలో ఇది కొత్త కథ కాదు. ఇక ఇంటి పని పిల్లదే కాబట్టి గ్రంథాలయం మాన్పించారు. నేను కూర్చుని మాట్లాడుతుంటే పిల్ల లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చింది. "మేడం గారూ, ఇందులో మా అమ్మకు ముప్ఫై ఒకటని ఉందండి. నేను లెక్క తప్పు చేశానా అండి?" అని అడిగింది.

లెక్క తప్పు లేదు. ఇంటి పనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఏజెంటు నాలుగేళ్ళు కలిపేశాడు. వాళ్ళమ్మకు అది తెలియదు. సంతకం పెట్టమన్నచోట పెట్టింది. రేపు అక్కడ జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, చచ్చిపోయినా, కాగితాల్లో ఉన్న మనిషి వేరు, ఈవిడ వేరు. ఏ అధికారి ముందుకెళ్ళినా మొదట ఆవిడదే అబద్ధమవుతుంది.

ఆవిడ ఆ ఏడాది వెళ్ళలేదు. దీన్ని విజయగాథలా చెప్పడం నాకిష్టం లేదు. ఏజెంటుకు ఇచ్చిన బయానా తిరిగి రాలేదు. అప్పు అలాగే ఉంది. "మీ చదువులు మా కొంప ముంచాయి" అని ఆయన నన్నే తిట్టాడు. గ్రంథాలయం అప్పు తీర్చదు. లేసు కూలి పెంచదు. ఇలాంటి నిబంధనలు ఆడవాళ్ళను కాపాడతాయా, దొంగదారుల్లోకి నెడతాయా అన్న చర్చ కూడా మనలో ఉంది. కానీ వెళ్ళాలా వద్దా అన్నది ఆవిడ మొదటిసారి తెలిసి నిర్ణయించుకుంది. ఆ కాగితం చదివింది కూతురు. ఆ ధైర్యం చాప మీద కూర్చుని చేసిన లెక్కనుంచి వచ్చింది. పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి తల్లి కూడా వచ్చింది.

చదువు ఎటు దారితీస్తుందో మన రాష్ట్రంలో మనం చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకు ఎవరూ విప్లవం నేర్పలేదు. పదిమంది ఆడవాళ్ళు రోజూ కూర్చోవడానికి ఒక చోటూ, చదవడానికి తమ బతుకు గురించిన పాఠమూ దొరికాయి. గ్రంథాలయం కూడా అలాంటి చోటు కావచ్చు.

ఇక హక్కు సంగతి. ఈ శిబిరం ఉచితం అన్నాను. ఉచితం అంటే దానం అనుకోకండి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మన దగ్గర వసూలు చేస్తున్నారు. పంచాయతీలూ, మునిసిపాలిటీలూ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. చాలాచోట్ల అది సకాలంలో జమ కావడం లేదన్నది ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. ఇంటికెళ్ళి పన్ను రసీదు తీసి చూడండి. లేసు అల్లే ఆవిడ పెంకుటింటి మీద కూడా ఆ పైసలు పడతాయి. మనం డబ్బు కట్టి కొనుక్కున్న చాప మీద మన పిల్ల కూర్చుంటోంది. ఎవరి దయా లేదు.

ఈ గోదావరి నేల మీద ఈ మాట అనడానికి మనకు మరీ హక్కుంది. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు 1898లో మొదలుపెట్టిన ప్రయత్నమే ఇవాళ్టి గౌతమీ గ్రంథాలయం. గ్రంథాలయోద్యమ పితామహుడని పిలుచుకునే అయ్యంకి వెంకటరమణయ్య గారిది తూర్పు గోదావరి కొంకుదురు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. కృష్ణా డెల్టాలో 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరా తిరిగారు. జనం గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి వెళ్ళాలని వాళ్ళు అప్పుడే గ్రహించారు. ఆ పడవ మన పొయ్యిల దాకా రావడమే మిగిలింది.

పుస్తకాల గురించి ఒక మాట. మా నరసాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్ళను పని చెయ్యని గృహిణులుగా లెక్కగట్టి, ఆ పేరుతోనే వాళ్ళ కూలిని ఎలా నొక్కేశారో ఆవిడ చూపించింది. ప్రపంచమంతా స్త్రీవాదులు చదివారు. మా గ్రంథాలయంలో అది లేదు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అని 1931లో రంగనాథన్ గారు సూత్రం చెప్పారు. ప్రతి పాఠకురాలికీ ఆమె పుస్తకం అని మనం అడగాలి.

కొని తెచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగులో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం కూడా ఉచితమే. ఒక ఫోను ఉంటే పదిమంది పిల్లలకు చదివి వినిపించవచ్చు. గోడ మీద మేం ఒక అట్ట కూడా తగిలించాం. ఉచిత న్యాయసహాయానికి 15100, మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098. న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉందని కింద రాశాం. ఆ అట్ట ముందు ఎవరో ఒకరు నిలబడి, పేపరు చూస్తున్నట్టు నటిస్తూ నెంబరు రాసుకోవడం నేను చాలాసార్లు చూశాను. పోలీసు స్టేషనుకు వెళ్ళలేని మనిషి గ్రంథాలయానికి రాగలదు. ఎందుకొచ్చావని అక్కడ ఎవరూ అడగరు.

ఈ వేసవికి మీరంతా చెయ్యగలిగినవి చెప్పి ముగిస్తాను.

ఒకటి. మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి హాజరు పుస్తకం చూడండి. ఆడవాళ్ళ సంతకాలు ఎన్నో లెక్కపెట్టండి. ఆ లెక్కతో అర్జీ మొదలుపెట్టండి.

రెండు. మధ్యాహ్నం వేళ, మరుగుదొడ్డి, విడిగా కూర్చునే చోటు, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి.

మూడు. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి ఐదు రూపాయలు, ఆపైన పది.

నాలుగు. శిబిరానికి వచ్చే ఆడపిల్ల వరసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్ళండి. వేసవి పెళ్ళిళ్ళ కాలం కూడా. ఏ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయో, ఏ ఇంట్లో ప్రయాణం కుదిరిందో మనకన్నా ముందు ఆ హాజరు పుస్తకానికే తెలుస్తుంది.

కిందటి వేసవి ఆ పిల్ల తమ్ముడికి నాలుగేళ్ళొచ్చాయి. చంక దిగి తనే వచ్చి చాప మీద కూర్చున్నాడు. పిల్ల ఇప్పుడు చేతులూపుకుంటూ వస్తోంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే కదా పుస్తకం పట్టుకోగలిగేది.