చెరువు కింద మళ్ళు – ఊరి ఇళ్ళ స్థలాలు

(సంఘ సమావేశంలో విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. గురించి మాట్లాడవలసినవారు నా తరువాత ఉన్నారు. మీరంతా వారికోసమే ఎదురుచూస్తున్నారని తెలుసు గనుక క్లుప్తంగా ముగిస్తాను.

మనది కరువు జిల్లా. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపులో ఉంటుంది. తుంగభద్ర ఎగువ కాలువ, చెరువు పుణ్యమా అని కణేకల్‌లో వరి పండుతున్నది. ఇదే మండలంలోనూ, పక్కన బొమ్మనహాళ్‌లోనూ హగరి ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు వేస్తున్నది. ఒక పక్క మళ్ళు, ఒక పక్క ఇసుక మేటలు. ఈ రెంటి నడుమ ఊరు పెరగాలి. ఎటు పెరగాలన్నదే ప్రశ్న.

పాత డైగ్లాట్ రిజిస్టరు ఎప్పుడైనా తిరగేశారా? గ్రామకంఠం ఒకచోట, చెరువు, వంక, మేత పోరంబోకు, శ్మశానం, బండ్ల బాట, దేనికి దానికి సర్వే నంబరు. తరి వేరు, మెట్ట వేరు. ప్లానింగ్ అనే మాట ఊళ్ళో ఎవరికీ తెలియని రోజుల్లోనే ఏ నేల దేనికో రాసిపెట్టారు. ఇళ్ళు మెరకన, నీళ్ళు పల్లాన. అంతకంటె పెద్ద శాస్త్రమేమీ కాదు.

పేదలకు ఇళ్ళ పథకాలు తక్కువేమీ రాలేదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్, 2006లో ఇందిరమ్మ, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ వచ్చాయి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటున్నర అంటే డెబ్భై రెండున్నర గజాలు. మనిషి పడుకోవడానికి సరిపోతుందేమో గాని నాలుగు గొర్రెలు, రెండు ఎద్దులు, ఒక గడ్డివామి ఉన్న రైతుకూలీ వాటినెక్కడ కట్టుకోవాలి? 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్నది. మంచిదే. కానీ ఎన్ని సెంట్లన్నదానికంటె ఎక్కడి సెంట్లన్నది నాకు ముఖ్యం.

స్థలం కోసం వెతికేటప్పుడు జరిగేది మనలో రెవెన్యూలో పనిచేసినవారికి తెలుసు. ఊరిని ఆనుకున్న భూమికి ధర ఎక్కువ. గడువు దగ్గరపడుతుంది. అప్పుడు చూపు వంక పోరంబోకు మీదికి, ఎండిన కుంట మీదికి పోతుంది. పదేళ్ళుగా నీళ్ళు చూడని కుంటలో పట్టా ఇస్తే తప్పేమిటనిపిస్తుంది. పదకొండో ఏట వాన వస్తుంది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగిన సంగతి మరచిపోగలమా? కరువు జిల్లాలో జనాన్ని పడవల్లో తేవలసి వచ్చింది!

సుప్రీంకోర్టు 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో చెరువు భూమిని ఇళ్ళ స్థలాలకు కేటాయించడం కుదరదన్నది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే ఏర్పాటు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. అయితే కూల్చేటప్పుడు మొదట పోయేది పేదవాని గోడే. అందుకే ఇచ్చేముందే చూడమంటున్నాను.

ఇక మనవారి సంగతి. రిటైరయిన ఏడాదిలోనే కమ్యుటేషన్, గ్రాట్యుటీ సొమ్ము చేతికి వస్తుంది. వెనకే ప్లాట్ల వ్యాపారి వస్తాడు. చెరువు కింద తరి భూమిలో రాళ్ళు పాతి, రంగు కాగితం మీద పార్కు బొమ్మ వేసి చూపిస్తాడు. ఆ మడిని మట్టితో పూడిస్తే దాని గుండా పోయే పిల్లకాలువ పూడుతుంది. కాలువ పూడితే చివరి మళ్ళకు నీళ్ళందవు. ఆ రైతు మన బంధువే అయి ఉంటాడు. పై మళ్ళలో నీళ్ళు పెట్టినంతకాలం ఊట మన పునాదిలోకి దిగి గోడ చవుడు పడుతుంది. 2006 చట్టం మార్పిడికి రుసుము పెట్టింది. దాన్ని రద్దు చేయాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. రుసుము కట్టినా, కట్టకపోయినా పూడిన మడి మళ్ళీ మడి కాదు.

కొనేముందు ఆ సర్వే నంబరు తరో మెట్టో చూడండి. ఎఫ్.ఎం.బి. నక్షాలో వంక గీత ఉందేమో చూడండి. రిజిస్ట్రారు ఆఫీసులో 22-ఏ నిషేధ జాబితా అడగండి. లేఅవుటుకు అనుమతి ఉందా, రోడ్లు, ఖాళీ స్థలం పంచాయతీకి రాసిచ్చారా అన్నది కాగితం మీదే నమ్మండి, నోటి మాట వద్దు. ముఖ్యంగా ఇంట్లో ఆడవారికి ఆ కాగితాలు చూపించండి. మన తరువాత కుటుంబ పెన్షనుతో, ఆ ప్లాటుతో వేగవలసింది వారే.

మరొక మనవి. 73వ రాజ్యాంగ సవరణ గ్రామీణ గృహనిర్మాణాన్ని పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది. గ్రామసభకు మనం పోవడం మానేశాము. పోతే పెన్షనర్లకేం పని అంటారని మొగమాటం. సర్వే నంబర్లు చదవగలిగినవారు ఊళ్ళో మనమే ఎక్కువ. ఈసారి ఇళ్ళ స్థలాల జాబితా సభలో చదివేటప్పుడు ఇద్దరు ముగ్గురం నక్షా పట్టుకుని పోయి ముందు వరుసలో కూర్చుందాం. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల తరువాత కార్యదర్శిగారిని కలవండి. ప్లాటు కాగితాలు వెంట తెచ్చినవారుంటే నేనూ అక్కడే ఉంటాను, కళ్ళద్దాలు తెచ్చుకున్నాను. సెలవు.