పనితనమునకు క్రొత్త కొలత



అనంతపురము జిల్లాకు పడమటి కొసను, కన్నడదేశపు సరిహద్దునకు చేరువగా గుమ్మఘట్ట యను మండలము కలదు. వేదవతీనదికి అడ్డముగా కట్టిన భైరవానితిప్ప జలాశయము ఈ మండలమునందే యున్నది. జలాశయ మున్నదన్న మాటయే గాని, నదికి నీరు వచ్చిన యేడు కాలువ పారును; రాని యేడు రైతు ఆకాశమువంక చూచుచు కూర్చుండును. జిల్లాలో సాలునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అంత తక్కువ వానకు ఓర్చి, ఈ యెఱ్ఱనేలలలో మూడు నాలుగు తరములుగా రైతును నిలిపిన పంట వేరుసెనగ. ఇటీవలి సంవత్సరములలో దాని విస్తీర్ణము తగ్గినను, ఈ సీమ పేరు చెప్పినంతనే నేటికిని జనులకు తోచునది ఆ పంటయే.

నేడు నేను పంటను గూర్చి చెప్పబోవుట లేదు. పంట కల్లము దాటిన పిమ్మట దానిని తినదగిన వస్తువుగా మార్చు పనివారిని గూర్చియు, వారి పనితనమును మనము కొలుచుచున్న విధమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

కాయలు వలుచు యంత్రశాలలలో, పప్పు కుప్ప చుట్టును కూర్చుండి చాటలతో చెరిగి, చేతులతో ఏరు స్త్రీలను మీలో అనేకులు చూచియుందురు. రాళ్లు, మట్టిబెడ్డలు, పొట్టు, చిట్లిన ముక్కలు, తాలుగింజలు—అన్నియు వారి వ్రేళ్లనడుమనే వేరగును. ఆ యేరెడి యామె నేర్పునకు కొలత యేది? ప్రొద్దు గ్రుంకునప్పటికి ఎన్ని బస్తాలు తీర్చినది యనునదే. యంత్రము నడుపువాని నేర్పునకు కొలత యేది? పప్పు చిట్లకుండ ఎంత వలిచినాడనునదే. ఈ రెండు కొలతలును వర్తకము నుండి పుట్టినవి. తినువాని ఆరోగ్యము వానిలో ఎక్కడను లేదు.

1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో టర్కీకోళ్లు లక్షకు పైగా కొలది నెలలలో చచ్చిపోయినవి. కారణము తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి యని పేరు పెట్టిరి. పరిశోధింపగా, బ్రెజిల్ నుండి తెప్పించి మేతలో కలిపిన వేరుసెనగ చెక్కయందు ఒక బూజు పుట్టించిన విషము బయటపడినది. ఆ బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ పేరునుండియే విషమునకు అఫ్లటాక్సిన్ అను పేరు వచ్చినది. ఇది మనుష్యుల కాలేయమునకు క్యాన్సరు కలిగించుననుట నేడు నిర్ణయమైన విషయము. వేయించినను ఉడికించినను పూర్తిగా నశింపదు. అట్టి చెక్కను తిన్న ఆవు పాలలోనికి ఇది రూపము మార్చుకొని దిగును. కావున ఈ చిక్కు మన తిండితో ఆగక, బిడ్డ త్రాగు పాలగిన్నె దాక పోవుచున్నది.

కరువు సీమకు ఈ విషముతో పోరు మరింత యెక్కువ. కాయ ఊరు కడపటి వారములలో వాన వెనుదీసి నేల వేడెక్కినచో, బూజు నెదిరించు శక్తి మొక్కకు సన్నగిల్లును. కాయ భూమిలో నుండగనే బూజు లోనికి చొచ్చును. అది రైతు చేతిలో లేని సంగతి. మన చేతిలో నున్న సంగతి దాని తరువాతది. బాగుగా ఎండిన కాయను యంత్రములో వేసినచో పప్పు చిట్లును. చిట్లిన పప్పునకు వెల తక్కువ. అందుచేత వలుచుటకు ముందు కాయలపై నీళ్లు చల్లుట అనేక చోట్ల వాడుక. తడిసిన పప్పును ఆరబెట్టకయే గోతములలో నింపి కుట్టినచో, బూజునకు విందు పెట్టినట్లే. పాత కొలతకు నీళ్లు చల్లినవాడు నేర్పరి. క్రొత్త కొలతకు అదే పని పెద్ద తప్పు. చేయి అదియే, మనిషి అతడే. కొలత మాత్రము మారినది. ఆ మారిన సంగతి ఆతనికి చెప్పినవారు లేరు.

ఈ కొలత యెంత సన్ననిదో వినుడు. పలుదేశములు కలిసి యేర్పరచుకొన్న కోడెక్స్ ఆహారప్రమాణములు, ఇంకను శుద్ధి చేయవలసిన వేరుసెనగలో కిలోకు 15 మైక్రోగ్రాముల విషమును మాత్రమే అనుమతించుచున్నవి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. నేరుగా తిను పప్పునకు ఐరోపా సమాఖ్య నియమము 4 మైక్రోగ్రాములే. అయినను నిరాశకు తావులేదు. బస్తాలోని విషములో ఎక్కువ భాగము కొలది గింజలలోనే చేరియుండును. అవి తరచుగా ముడుతలు పడి, రంగు మారి, పురుగు తొలిచి, చిట్లియుండును. వానిని తీసివేసినచో బస్తాలోని విషము చాలవరకు పోవును. ఇంతటి రక్షణ ఎవరి చేతిలో నున్నది? చాట ముందు కూర్చున్న ఆ యమ్మ చేతిలోనే.

మన దేశమున ఆహారభద్రతకై 2006లో చట్టము చేసిరి. పనివారి నేర్పును తరగతులుగా నిర్ణయించు జాతీయ వ్యవస్థను 2013లో ప్రకటించిరి. ఆహారపరిశ్రమలోని ఒక్కొక్క పనికి ప్రమాణపత్రము వ్రాయుటకు ఫిక్సీ యను మండలి యున్నది. ఏ పనివాడు ఏమి తెలిసికొని యుండవలెను, ఏమి చేసి చూపవలెను అనునవి ఆ పత్రములలో నుండును. పాఠశాల మెట్లెక్కకయే పనిలో నేర్చినవారి విద్యను పరీక్షించి గుర్తించు పద్ధతి 2015 నుండి ప్రధానమంత్రి కౌశల పథకములో చేరినది. ఈ పత్రములను కాలమునుబట్టి సవరించుట నియమము. సవరించునప్పుడు ఈ సీమ పక్షమున నేను కోరునవి నాలుగు.

మొదటిది, భాష. కాయలో తేమ 8 శాతమునకు మించరాదని పత్రము చెప్పినచో అది ఆమెకు అంకె మాత్రమే. ఎండిన కాయను చెవియొద్ద ఊపినచో గింజ గలగలలాడునని ఆమె ఎరుగును. ఆమె యెరిగినదానితో పాఠము మొదలుపెట్టి, చెవి చెప్పలేని తేడాను చెప్పుటకు తేమను కొలుచు పరికరమును చేతికీయవలెను.

రెండవది, లెక్క. ఎన్ని బస్తాలు తీర్చినదనుటతో ఆగక, తీర్చిన బస్తాలో ఎన్ని చెడుగింజలు మిగిలినవో చూడవలెను.

మూడవది, ఏరివేసిన గింజల గతి. వానిని పారవేయక చౌకగా నూనెకు అమ్ముటయో, ఇంటిలో పచ్చడికి వాడుటయో, పశువులకు పెట్టుటయో జరిగినచో, వాకిట తరిమిన దొంగను దొడ్డిదారిని పిలిచినట్లగును. అవి తిరిగి తిండిలో కలియకుండ చూచుటయు పనితనములో భాగము కావలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కూలి. బస్తాకింత యని కూలి నిర్ణయించి, నిదానముగా ఏరుమని ఉపదేశించుట న్యాయము కాదు. నిదానించినకొలది ఆమె గంజికి కొరత పడును. క్రొత్త ప్రమాణము క్రొత్త కూలిని వెంటబెట్టుకొని రావలెను. అట్లే, “ఈ బస్తా తడిసియున్నది, కుట్టరాదు” అని పనివాడు చెప్పినచో, ఆ మాటకు వాని పని పోకూడదు.

చిన్న యంత్రశాలల యజమానులు, ఈ ఖర్చు మేమెట్లు భరింతుమని అడుగవచ్చును. ఆ ప్రశ్నలో నిజమున్నది. అయితే ఆరబెట్టుటకు పట్టలును, తేమ కొలుచు ఒక పరికరమును నలుగురు కలిసి కొనుక్కొనవచ్చును. సలహా కొరకు దూరదేశములకు పోనక్కరలేదు. అనంతపురములోనే నూనెగింజల శాస్త్రమునకై స్థాపింపబడిన సంస్థ యొకటి జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగముగా నున్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వేరుసెనగలోని ఈ విషమును గూర్చి చిరకాలముగా పనిచేయుచున్నారు. వారి విద్య గుమ్మఘట్టలోని చాట దాక చేరుటయే మిగిలియున్నది.

వానను మనము రప్పింపలేము. వచ్చిన కొద్దిపాటి వానకు పండిన గింజను చెడనీయకుండుట మన వశములోనిదే. రేపు మీరు గుప్పెడు వేరుసెనగలు చేతిలోనికి తీసికొన్నప్పుడు, వానిని ఏరిన చేతులను ఒక్కసారి తలచుకొనుడు. ఆ చేతులను బస్తాలతోనే కొలిచినంతకాలము మన పళ్లెమునకు పూచీ లేదు. వాని తెలివిని కొలిచి, ఆ తెలివికి తగిన వెల యిచ్చిననాడే మనము నిర్భయముగా భుజింపగలము.