కృష్ణమ్మ వెంట హంసలదీవి దాకా
(బోనకల్లులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మా యాత్ర గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. రిటైరైన ఉపాధ్యాయుడికి రెండు ముక్కల్లో చెప్పడం కష్టమే.

మన పొలాలకు సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చేది కృష్ణ నీరే. ఆ నది చివరికి సముద్రంలో ఎక్కడ కలుస్తుందో మా నలుగురిలో ముగ్గురం చూడలేదు. నాలుగో ఆయన చూశారన్న సంగతి మాకు తర్వాత గాని తెలియలేదు.

కిందటి నవంబరులో, బతికే ఉన్నామని ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసి రైలెక్కాం. విజయవాడలో దిగి కారు మాట్లాడుకున్నాం. కరకట్ట మీద ప్రయాణం హాయిగా ఉంటుంది. ఒక పక్క నది, ఇంకో పక్క అరటి తోటలు, పసుపు చేలు. దారిలో శ్రీకాకుళం వస్తుంది. ఉత్తరాంధ్రలోది కాదు, ఘంటసాల మండలంలోది. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడని రాయలవారి కథ. మాలో ఒకాయన తెలుగు పండితులు, కాబట్టి అక్కడే గంటన్నర పట్టింది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి దర్శించుకున్నాం. పులిగడ్డ దగ్గర, కాలువ నీళ్ళను నది పాయ మీదుగా దివిసీమకు దాటించే ఆక్విడక్టు చూశాం.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. అక్కడి సంగమంలో మునిగితే కాకి హంసవుతుందని ఐతిహ్యం. మాకు తలలు ముందే తెల్లబడ్డాయి, మునగక్కర్లేదని నవ్వుకున్నాం. నాలుగో ఆయన మాత్రం నవ్వలేదు. కోడూరు దాటినప్పటి నుంచీ ఆయన మాట్లాడటం లేదు.

పాలకాయతిప్ప దగ్గర సముద్రం ఒడ్డున నిలబడి చెప్పారు. 1977 నవంబరు 19, శనివారం వచ్చిన ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. ఆయనకు అప్పుడు ఉద్యోగం కొత్త. సహాయ పనులకు ఇక్కడికే పంపారట. మృతుల జాబితా రాయడం ఆయన పని. "కొన్ని ఇళ్ళలో పేరు చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదండీ. పేరు తెలియదు, స్త్రీ, వయసు సుమారు 30 అని రాశాను. అలాంటివి ఎన్నో" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా స్నేహం మాది. ఏనాడూ ఈ మాట ఎత్తలేదు.

అంతలో చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ "ఏ ఊరు బాబుగారూ?" అని పలకరించింది. అరవై దాటి ఉంటాయి. ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికానంది. ఇంట్లో అయిదుగురు పోయారట. మా మిత్రుడు జేబులోంచి మన సంఘం డైరీ తీసి, పేర్లు చెప్పమ్మా అన్నారు.

"ఇప్పుడెందుకు బాబుగారూ, డబ్బులేమైనా వస్తాయా?"

"రావమ్మా. నా దగ్గర ఉండనీ."

ఆవిడ కాసేపు ఆయన వంక చూసింది. తర్వాత చిన్న తమ్ముడితో మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చెప్పింది. ఆయన రాసుకున్నారు, స్పెల్లింగు కూడా అడిగి మరీ.

వెళ్ళదలచిన వారికి ఒక మాట. మాఘ పౌర్ణమికి అక్కడ జనం విపరీతం, ముందే వెళ్ళండి. ఇసుకలో నడక మోకాళ్ళకు కష్టం, చేతికర్ర, మంచినీళ్ళు, మాత్రలు దగ్గరుంచుకోండి. వచ్చేసారి ఆడవారినీ తీసుకువెళ్తాం. ఈసారి వదిలి వెళ్ళినందుకు మా ఇంట్లో ఇంకా మాటలు పడుతూనే ఉన్నాను. పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి. మా నాలుగో మిత్రుడు తన పేరు మొన్ననే ఇచ్చారు. సెలవు.