‘ఇంత డబ్బు ఎందుకు?’ అని బ్యాంకులో అడిగితే

(2025 మే నెలలో ఖమ్మం జిల్లాలో జరిగిన మండల రైతు మహాసభలో కార్యవర్గ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

మిర్చి ధర మీద, కౌలు రైతుల గుర్తింపు మీద నాకన్నా బాగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. నేను బ్యాంకు కౌంటరు దగ్గర మనకు ఎదురవుతున్న ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను.

మొన్న మార్చిలో మా తోటలో కాయ ఏరడం అయిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా నుంచి వచ్చిన ముఠా నెలన్నర పాటు మా చేల మీదే ఉంది. మొత్తం పద్దెనిమిది మంది. వారం వారం ఖర్చులకు కొంత ఇచ్చి, మిగతాది పోయే రోజు లెక్క చూసి ఇవ్వడం మనందరికీ తెలిసిన పద్ధతే. మాదీ, మా తమ్ముడిదీ కలిపి ఇంకా ఇవ్వాల్సింది 2 లక్షల 40 వేలు. వాళ్ల ఊళ్ల దగ్గర బ్యాంకులు లేవు. ఫోన్‌లో పంపుతామంటే కుదరదు. వాళ్లకు నోట్లే కావాలి. మిర్చి అమ్మిన సొమ్ము నా ఖాతాలో ఉంది కదా అని పాస్‌బుక్ పట్టుకుని పోయాను.

‘ఇంత డబ్బు ఎందుకు?’ అన్నాడు కౌంటరులో ఉన్నాయన. కూలీలకు అని చెప్పాను. ‘వాళ్ల ఆధార్‌లు ఉన్నాయా? బిల్లు ఉందా?’ అన్నాడు. కూలికి బిల్లు ఎక్కడ ఉంటది సారూ అన్నాను. వెనక లైన్లో ఎవరో నవ్వారు. ‘2 లక్షలకు మించి ఇయ్యకూడదు, చట్టం ఉంది, నీకు తెల్వదా’ అన్నాడు. నా కొడుకు వయసు ఉంటుంది ఆయనకు. చివరకు 50 వేలు చేతిలో పెట్టి మిగతాది రేపు రమ్మన్నాడు.

ఆ సాయంత్రానికి మాట్లాడి పెట్టుకున్న వ్యాను వెనక్కి పోయింది. ముఠా మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రాత్రి ఆయన పడుకోలేదు. ఆడవాళ్లను, పిల్లలను కల్లం పక్కన పడుకోబెట్టి, మా ఇంటి దారి చూస్తూ కూర్చున్నాడు. నేను ఎగ్గొట్టి పోతానేమోనని ఆయన భయం. ఇరవై ఏళ్లుగా కూలి బాకీ పెట్టని మనిషిని నేను. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

తెల్లారి పోతే కౌంటరులో వేరే ఆయన ఉన్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మిగతా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. నిన్న ఉన్న చట్టం ఒక్క రాత్రిలో ఎటు పోయింది?

అదే కోపంతో సంఘం ఆఫీసుకు పోయి, బ్యాంకు ముందు ధర్నా చేద్దామన్నాను. మన పెద్దాయన ఒకరు, ‘ధర్నా సంగతి తర్వాత, ముందు మీ పక్క ఊరి అక్కతో మాట్లాడి రా’ అన్నారు. పోయాను.

ఆమె భర్త నిరుడు చనిపోయాడు. రైతుబీమా 5 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. ఒకరోజు ఫోన్ వచ్చింది. ‘పోలీసులం మాట్లాడుతున్నాం, నీ ఆధార్ మీద దొంగ ఖాతా ఉంది, నిన్ను అరెస్టు చేస్తాం, డబ్బంతా తీసి మేం చెప్పిన ఖాతాలో కట్టు, విచారణ అయ్యాక తిరిగి ఇస్తాం’ అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. బ్యాంకులో అడిగితే ఇల్లు కట్టుకోవడానికని చెప్పమన్నారు. ఫోన్ కట్ చేయొద్దన్నారు. ఆమె ఆ ఫోన్ కొంగులో పెట్టుకుని బ్యాంకుకు పోయింది.

కౌంటరులో ఉన్న అమ్మాయి అడిగింది కూడా అదే ప్రశ్న. ‘అమ్మా, ఇంత డబ్బు ఎందుకు?’ ఇల్లు కడుతున్నాం అంది ఈమె. చేతులు వణుకుతున్నాయి. ఆ అమ్మాయి బయటికి వచ్చి, ఆమెను లోపల కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, మెల్లగా అడిగింది. అప్పుడు విషయం బయటపడింది. ఫోన్ కట్ చేయించి, ఆమె తమ్ముడిని పిలిపించింది. రూపాయి పోలేదు. ‘ఆ పిల్ల అడగకపోతే నా ఇద్దరు పిల్లల చదువు ఆ రోజుతో అయిపోయేది అన్నా’ అని ఆమె ఏడ్చింది.

ఇట్లాంటివి మన దగ్గర ఒక్కచోటే కాదు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో స్టేట్ బ్యాంక్ ఉద్యోగులు ఇట్లాగే అనుమానించి అడిగి, ఒక పెద్దాయన 13 లక్షలు మోసగాళ్ల పాలు కాకుండా ఆపారు. చట్టంలో ‘డిజిటల్ అరెస్టు’ అనేదే లేదు. ఏ పోలీసూ ఫోన్‌లో అరెస్టు చేయడు. ఈ మాట ఇంటికి పోయి అందరికీ చెప్పండి.

కాబట్టి మిత్రులారా, బ్యాంకు వాళ్లు అసలు అడగొద్దని నేను ఈరోజు అనడం లేదు. ఎట్లా అడుగుతున్నారు, అడిగి ఏం చేస్తున్నారు అన్నదే మన పేచీ. ఆ అమ్మాయి అడిగింది ఖాతాదారు సొమ్ము కాపాడటానికి. నన్ను అడిగింది నలుగురిలో నిలబెట్టి, లేని చట్టం చూపి, నా సొమ్మే నాకు ఆపడానికి.

ఉన్న చట్టం ఏమిటో కూడా తెలుసుకుందాం. 2016 నవంబరులో నోట్లు రద్దు చేసినప్పుడు పంట రుణం రైతుకు వారానికి 25 వేలు, పెళ్లి ఇంటికి రెండున్నర లక్షలు అని పరిమితులు పెట్టారు. పొదుపు ఖాతాల మీద ఆ పరిమితులు 2017 మార్చి 13తో పోయాయి. కారణం చూపిస్తేనే డబ్బు ఇచ్చే అలవాటు మాత్రం కొన్ని కౌంటర్లలో పోలేదు.

మరి ఆయన చెప్పిన 2 లక్షల చట్టం? అది ఉంది, కానీ అది వేరు. 2017 ఏప్రిల్ నుంచి, ఒక మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదు. తీసుకున్నవాడికి అంత సొమ్మూ జరిమానా పడొచ్చు. మన ఖాతా నుంచి మనం తీసుకునే డబ్బుకు ఇది వర్తించదు. మనం సరుకు అమ్మినప్పుడు మాత్రం వర్తిస్తుంది. వ్యాపారి ఒకేసారి 2 లక్షలు నోట్లుగా ఇస్తానంటే తీసుకోకండి, ఖాతాలో వేయమనండి.

2025 నాటి నిబంధనల ప్రకారం ఒక ఏడాదిలో మొత్తం 20 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసినా, వేసినా పాన్ లేదా ఆధార్ నంబరు ఇవ్వాలి. అవే 2025 నిబంధనల ప్రకారం, మూడేళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నులు వేయనివాళ్లు ఏడాదిలో 20 లక్షలు దాటి తీస్తే, దాటిన దాని మీద 2 శాతం పట్టుకుంటారు. సాగు ఆదాయానికి పన్ను లేదని మనలో చాలామంది రిటర్నులు వేయరు. పది మంది కూలి డబ్బులు ఒకరి ఖాతా నుంచే తీసే అలవాటు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నెలలో 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలను బ్యాంకు కేంద్రానికి నివేదిస్తుంది. అది బ్యాంకు పని, మన మీద కేసు కాదు.

పొదుపు ఖాతాలోని సొంత సొమ్ము తీసుకోవడానికి బిల్లు చూపాలన్న చట్టం లేదు. అనుమానం వస్తే అడిగే బాధ్యత బ్యాంకుకు ఉంది. అడిగితే ఉన్న మాట చెబుదాం. కానీ కాగితం తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాం? కౌలు రైతు సంగతే చూడండి. కౌలు డబ్బు ముందే నగదుగా కట్టాలి. భూమి యజమాని రసీదు రాసివ్వడు. రసీదు అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వడు. అట్లాంటి మనిషిని కౌంటరు దగ్గర రుజువు తెమ్మంటే వాడు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మమే ఎక్కుతాడు.

మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పెద్ద మొత్తం కావాలంటే ఒకరోజు ముందే శాఖలో చెబుదాం. చిన్న శాఖల్లో అంత నగదు ఉండకపోవచ్చు. డబ్బు ఇవ్వనంటే వాదన పెంచకుండా, ఏ నిబంధన ప్రకారం ఇవ్వడం లేదో కాగితం మీద రాసిమ్మని అడుగుదాం. రాసివ్వకపోతే మేనేజరుకు మనమే ఫిర్యాదు రాసి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపుదాం. దానికి ఫీజు లేదు. 14448కు ఫోన్ చేస్తే ఎట్లా పంపాలో చెబుతారు. ఇక మోసం జరిగిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

బ్యాంకు మేనేజర్లను సంఘం తరఫున నాలుగు కోరదాం. పెద్ద మొత్తం గురించి అడగాలంటే లైన్లో అందరి ముందు కాకుండా పక్కన కూర్చోబెట్టి అడగాలి. మీరు అని పిలవాలి. డబ్బు తీయడం గురించి ఉన్న నిబంధనలు తెలుగులో రాసి గోడ మీద పెట్టాలి. కాయ కోతలు, వరి కోతలు జరిగే నెలల్లో మన శాఖలకు నగదు ఎక్కువగా తెప్పించాలి. ఈ నాలుగింటినీ తీర్మానంగా పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను.

ఆ అక్కను కాపాడిన అమ్మాయికి సంఘం తరఫున కృతజ్ఞతలు చెబుతూ ఒక ఉత్తరం రాయాలని కూడా నా మనవి. ఆ ఉత్తరాన్నీ, మన తీర్మానాన్నీ ఒకే రోజు తీసుకుపోయి మేనేజర్ల చేతికి ఇద్దాం.

మా మేస్త్రి పోయేటప్పుడు, వచ్చే ఏడు మళ్లీ వస్తామని చెప్పి పోయాడు. ఈసారి ఆయన్ను రాత్రంతా కూర్చోబెట్టే పరిస్థితి రాకూడదు. సెలవు.